పది పెట్టలు, ఒక పుంజు: పెరట్ల గూడు, దడి తక్కువ ఖర్చుతోటి గట్టిగ ఎట్ల కట్టాలె?

భీమారం_పెరడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. హన్మకొండ భీమారంల ఇంటి వెనుక 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు జాగ ఖాళీగున్నది. పొడవు తూర్పు పడమరగ ఉంటది. పడమటి దిక్కు ఖాళీ ప్లాటు, అంతా సర్కారు తుమ్మ. పది పెట్టలు, ఒక పుంజు పెంచుదామనుకుంటున్న. గుడ్లు ఇంట్లకే, అమ్ముడు లేదు. కోళ్లు పగలు దడిల తిరగాలె, పొద్దుగూకినంక గూట్ల పండాలె.

ఇంట్ల ఉన్న సామాను: 7 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఇనుప రేకులు మూడు, పాత తలుపు ఒకటి, 15 కిలోల నూనె డబ్బాలు నాలుగు. ఇంకా ఏమేం కొనాల్నో, ఎంత కొనాల్నో తెల్వాలె. సన్నతీగ కోళ్ల జాలి అగ్గువకు దొరుకుతది, అది సరిపోతదా? గూడు కింద సిమెంటు చేయాల్నా? ఎండకాలం రేకుల కింద కోళ్లు ఆగుతయా? రాత్రి ముంగిసలు తిరుగుతయి, అదొక భయం. తెలిసినోళ్లు కొలతలతోటి చెప్పున్రి.

ములుగురోడ్డు_మేస్త్రి:

తమ్మీ, అగ్గువ కోళ్ల జాలి కోడిని లోపల ఆపుతది గని బయటి జంతువును ఆపది. ఆ సన్నతీగను కుక్క పండ్లతోటి తెంపుతది, పందికొక్కు కొరికి తొవ్వ చేసుకుంటది. దడి పైభాగానికి, గద్దలు దిగకుండ పైకప్పుకు అది చాలు. గూటి చుట్టూ, దడి అడుగున 2 అడుగుల ఎత్తు దాకా మాత్రం అరంగుళం కండ్ల వెల్డ్ జాలే కావాలె. నీ ఖర్చుల పెద్ద వాటా ఈ జాలికే పోతది, పోనియ్యి. మిగిలినయన్నీ పాతయి అయినా నడుస్తయి.

ముంగిస రాత్రి తిరగది, అది పగటి జంతువు. రాత్రి వచ్చేటియి బావురుపిల్లి, పునుగుపిల్లి, పందికొక్కు, పాము. అంటే గూడొక్కటి గట్టిగుంటె కాదు, పగటి దడి కూడ అంతే గట్టిగుండాలె. వీటికి మందు పెట్టుడు, బోను పెట్టి చంపుడు చేయకు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది. అడ్డం కట్టుకునుడే మన పని.

గూడు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. 24 చదరపు అడుగులయితది, కోడికి రెండు పైన పడతది. రాత్రి పండుటానికే కాబట్టి చాలు. పగలు కూడ మూసిపెడ్తె కోడికి 4 చదరపు అడుగులు కావాలె, లేకుంటె ఒకదాన్నొకటి పొడుచుకుని ఈకలు పీక్కుంటయి. గూడు అడుగు నేల నుంచి 2 అడుగుల ఎత్తుల పెట్టు, కింద జాగ దడిలకు కలిసిపోతది. దడి 12 బై 6. గూటి కింది 24 కలిపితె మొత్తం 96 చదరపు అడుగులు, కోడికి తొమ్మిది దాకా వచ్చినట్టు.

గూటి పొడవు తూర్పు పడమరగ ఉండాలె. అప్పుడు పొద్దుటి ఎండ, సాయంత్రం ఎండ పొట్టి గోడలకే తగుల్తయి, పొడుగు గోడల నుంచి గాలి ఆడతది. పడమటి పొట్టి గోడను సందు లేకుండ మూసెయ్యి, నీ పాత తలుపును కోసి అక్కడ కొట్టు. వానకాలం జల్లు, ఎండకాలం సాయంత్రపు మంట రెండూ అటునుంచే వస్తయి. దడిని గూటికి ఉత్తరం దిక్కు, పడమటి మూలలు కలిసేటట్టు పెట్టి, పైకప్పు వాలు దక్షిణానికి ఇయ్యి. అట్ల చేస్తె కప్పు మీది నీళ్లు దడిల పడయి.

గుంజలు జామాయిల్‌వి, 3 అంగుళాల లావు. 8 అడుగులవి ఆరు: గూటి ముందుకు రెండు, దడికి నాలుగు. 7 అడుగులవి రెండు, గూటి వెనుకకు. అన్నీ 2 అడుగులు భూమిల పోవాలె. గూటి ముందు ఎత్తు 6, వెనుక 5, నడుమ 4 అడుగులకు అడుగు వాలు వచ్చినట్టు. భూమిల పోయే భాగానికి, దాని పైన ఇంకో జానెడు దాకా తారు రెండు పూతలు పూయి. చెదలు పట్టేది నేలమట్టం దగ్గరనే, అక్కడ పూత లేకుంటె కిందంత పూసి లాభం లేదు. గుంత అడుగున రెండు పిడికెళ్ల కంకర వెయ్యి, నీళ్లు ఆగయి. రాతి కడీలు అగ్గువకు దొరికితె చెదల బాధే లేదు, కాకపోతె మేకు దిగది, జాలిని బైండింగ్ వైరుతోటి చుట్టి కట్టాలె.

జాలి లెక్క ఇట్ల. వెల్డ్ జాలి 4 అడుగుల వెడల్పు రోలుల 40 అడుగులు కొను. అందుల 22 అడుగులను నడిమికి నిలువుగ కోస్తె 2 అడుగుల పట్టీ 44 అడుగులు వస్తది. దడి, గూటి అడుగు కలిపి బయటి చుట్టుకొలత సరిగ్గ 44. మిగిలిన 18ల గూటి ముందు గోడకు 6, వెనుక గోడకు 6, తూర్పు గోడకు 4 పోతయి. కోళ్ల జాలి 4 అడుగుల వెడల్పుది 50 అడుగుల రోలు ఒకటి. దడి పక్కల పైభాగానికి 30, పైకప్పుకు 6 అడుగుల ముక్కలు మూడు, అంటే 18. రెండు జాలీలు కలిసే దగ్గర 3 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, జానెడుకొక కట్టు వెయ్యి. జాలిని గుంజకు బయటి దిక్కు కొట్టు. లోపలి దిక్కు కొడితె కుక్క తోసినప్పుడు మేకులు ఊడివస్తయి, బయటి నుంచి కొడితె ఎంత తోస్తె అంత గుంజకు ఒత్తుకుంటది.

తవ్వేటి జంతువు ఎక్కువగ దడి మొదట్లనే తవ్వుతది. అందుకే గాడి తవ్వి జాలి పాతే కష్టం పడకు. దడి చుట్టూ బయటి దిక్కు అడుగున్నర వెడల్పు జాలి నేల మీద పరిచి, దడి జాలికి కట్టి, మీద రాళ్లు, మట్టి కప్పు. దీనికి తుప్పు పట్టిన పాత జాలి అయినా ఫర్వాలేదు.

గూటి అడుగుకు కంక (వెదురు) బద్దలు, అంగుళం వెడల్పు, నడుమ అరంగుళం సందు, నున్నటి దిక్కు పైకి. సిమెంటు అక్కరలేదు. బద్దల కింద కూడ వెల్డ్ జాలి కొట్టుకుంటె పాము భయం ఉండది.

గొళ్లెం దగ్గర చానమంది తప్పు చేస్తరు. మేకు మీద తిరిగే చెక్కముక్కను పిల్లి నాలుగుసార్లు గీరితె తిరిగిపోతది. ఇనుప గొళ్లెం పెట్టి, దాని కంట్ల చిలక దించు. కోళ్లు పోయే చిన్న తలుపు అడుగు వెడల్పు, 14 అంగుళాల ఎత్తు ఉంటె పుంజు కూడ పోతది. మనిషి పోయే తలుపు లోపలికి కాకుండ బయటికి తెరుచుకోవాలె.

పర్కాల_కోళ్లు:

మేస్త్రి అన్న కొలతలు, జాలి లెక్క బాగున్నాయి. ఒక్క దగ్గర ఒప్పుకోను. కంక బద్దల కింద అరంగుళం జాలి కొట్టొద్దు. రెట్ట బద్దల సందులోంచి దిగి ఆ జాలి మీద ఆగిపోతుంది. వానకాలంలో పదిరోజులకే కండ్లన్నీ మూసుకుపోతాయి, పురుగు పడుతుంది, కింద నుంచి గాలి రాదు, కడగాలంటే బద్దలన్నీ ఊడదీయాలి. గూటి కింది 2 అడుగులకు చుట్టూ ఎలాగూ వెల్డ్ జాలి వస్తోంది. ఆ పట్టీ సందు లేకుండా నేలకు ఆనితే అడుగు నుంచి వచ్చే పెద్ద జంతువు అక్కడే ఆగుతుంది. పాము పిల్ల మాత్రం అరంగుళం కండ్లలోంచి కూడా దూరుతుంది, దానికి జాలి మందు కాదు. పాము ఎలుకల కోసం, గుడ్ల కోసం వస్తుంది. సాయంత్రం మేత గిన్నె తీసేసి, గుడ్లు రోజూ ఏరేసి, దడి చుట్టూ మూడడుగులు గడ్డి, కట్టెల మోపులు, రాళ్ల కుప్పలు లేకుండా ఉంచితే చాలావరకు రాదు.

బద్దల సందు అరంగుళం దాటనీయొద్దు. ముప్పావు అంగుళం అయితే చిన్న కోళ్ల వేళ్లు ఇరుక్కుంటాయి. బద్దలకు ముళ్లలా లేచిన చోట్ల ఇటుక ముక్కతో రాయాలి. అరికాలికి గీత పడితే వాచి చీము పడుతుంది, బరువు కోళ్లలో అది తొందరగా మానదు.

ఇక ఎండ సంగతి. మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీలు వస్తుంటాయి. కోడి ఒంటి వేడే 41 డిగ్రీల దాకా ఉంటుంది, దానికి చెమట పట్టదు. చుట్టూ గాలి కూడా అంత వేడెక్కితే నోరు తెరిచి రొప్పి, ఆ తడి ఆరడంతో చల్లబడాల్సిందే. గాలి ఆడని గూటిలో నీళ్లు చల్లితే లోపలి గాలి తేమతో నిండి ఆ తడి ఆరదు, కోడి ఇంకా ఉడికిపోతుంది. తడిపిన గోనెసంచులు కట్టాలంటే గాలి వచ్చే పక్కనే కట్టాలి, ఎదురు పక్క తెరిచే ఉండాలి.

ఇనుప రేకుల పైభాగానికి మార్చి మొదట్లోనే సున్నంలో బంక కలిపి రెండు పూతలు వేయండి. దాని మీద వెదురు కర్రలు అడ్డంగా పెట్టి, ఆ కర్రల మీద తాటాకులు గానీ ఆరంగుళాల మందం వరిగడ్డి గానీ పరిచి కట్టండి. రేకుకు, గడ్డికి నడుమ గాలి సందు ఉండటమే ముఖ్యం. జూన్‌లో తొలకరి పడగానే గడ్డి తీసేయాలి. తడిసిన గడ్డి కుళ్లుతుంది, ఎలుకలు చేరతాయి, వాటి వెంట పాములు. దడి పైన 75 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ సగానికి వేస్తే చాలు, మిగతా సగం ఎండ పడాలి. నేల ఆరేది ఎండతోనే.

మరో మాట: మన వైపు ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేస్తే ముందు పోయేవి కోళ్ల గూళ్ల కప్పులే. మూడు రేకులను 4 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే 8 అడుగుల పైన వస్తుంది, 6 అడుగుల గూటికి అటు ఇటు అడుగు చూరు దొరుకుతుంది. ఒక్కో రేకుకు నాలుగు కొక్కెం బోల్టులు, రబ్బరు వాషరుతో, రేకు మడతలో ఎత్తు భాగం మీదే వేయాలి. పల్లంలో వేస్తే వాన నీళ్లు బోల్టు వెంట లోపలికి దిగుతాయి. మేకులు కొట్టిన రేకు గాలికి నిలవదు.

నీళ్లు మామూలు రోజుల్లో పదకొండు కోళ్లకు 3 లీటర్లు పెట్టండి, ఎండకాలం 6. మట్టి పాత్ర అన్నిటికంటే మేలు, ప్లాస్టిక్ పైపులో నిపుల్స్ పెడితే మధ్యాహ్నానికి నీళ్లు కాగిపోయి కోళ్లు తాగవు. పాత్ర నీడలో, కోడి వీపు ఎత్తులో ఇటుకల మీద ఉండాలి. మేత పొద్దున 8 లోపు, సాయంత్రం 5 తర్వాత. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అందుకే మధ్యాహ్నం మేత వద్దు.

భీమారం_పెరడు:

ఇద్దరికీ శనార్తులు. కొలతలు రాసుకున్న. ఇంకా మూడు అడుగుతున్న. పిల్లలను తెచ్చుడు మేలా, పెద్ద పెట్టలను అంగట్ల కొనుడు మేలా? ఏ రకం? పుంజు పొద్దుగాల కూస్తె పక్కింటోళ్లకు ఇబ్బందయితదేమో, పుంజు లేకుంటె పెట్టలు గుడ్లు పెట్టవా? వాసన రాకుండ ఏం చేయాలె?

నర్సంపేట_అక్క:

పుంజు లేకున్నా పెట్టలు గుడ్లు పెడతాయి తమ్ముడూ. పొదిగించి పిల్లలు చేసుకోవాలంటేనే పుంజు కావాలి. ఇళ్ల మధ్య ఉన్నారు కాబట్టి మొదటి ఏడాది పుంజు లేకుండా పదకొండూ పెట్టలే పెట్టుకోండి.

గుడ్ల కోసమే అయితే గ్రామప్రియ, గుడ్లతో పాటు మాంసానికీ కావాలంటే వనరాజ. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన రకాలే, పెరటి పెంపకానికి ఉద్దేశించినవి. నాటుకోడి గుడ్లు తక్కువ పెడుతుంది కానీ పొదుగుతుంది, పిల్లలను కాపాడుకుంటుంది. గ్రామప్రియ, వనరాజ పొదగవు. అందుకే తొమ్మిది గ్రామప్రియలకు రెండు నాటు పెట్టలు కలిపితే, తర్వాత పుంజును తెచ్చుకున్నాక గుడ్లు పొదిగించుకోవచ్చు. మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం, పశువైద్య కళాశాల ఉన్నాయి, పిల్లలు, టీకాల గురించి అక్కడ అడగండి.

అంగట్లో కొన్న పెద్ద కోడి చూడటానికి బాగానే ఉండి కొక్కెర తెగులు (రాణిఖెత్ అనే అంటురోగం) మోసుకొస్తుంది. అక్కడ పది ఊళ్ల కోళ్లు ఒకే చోట కట్టేసి ఉంటాయి. కొనాల్సే వస్తే మూడు వారాలు వేరే చోట, వేరే గిన్నెలతో ఉంచి, వాటి పని చివరన చూసుకుని, చేతులు, చెప్పులు కడుక్కున్నాకే మిగతా కోళ్ల దగ్గరికి పోవాలి.

పిల్లలు తెస్తే 15 తెచ్చుకోండి, కొన్ని పోయినా సరిపోతాయి. పెద్ద గూట్లో నేరుగా వదలొద్దు. 3 అడుగుల అడ్డకొలతతో అట్టను గుండ్రంగా నిలబెట్టండి. మూలలు ఉంటే చలికి అక్కడ గుమిగూడి ఒకదాని కింద ఒకటి నలిగి చస్తాయి, గుండ్రంగా పెట్టేది అందుకే. కింద 2 అంగుళాల వరి ఊక, మొదటి రెండు రోజులు దాని మీద గోనెపట్ట. ఊక కనిపిస్తే మేత అనుకుని తింటాయి. పేపరు పరవొద్దు, నున్నగా జారి లేత కాళ్లు రెండు పక్కలకు ఎడమైపోతాయి, ఇక సరిగా నిలబడలేవు.

వేడికి 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ వెలుతురు ఇస్తుంది కానీ వేడి ఇవ్వదు. బల్బు వెలుగుతోంది కదా అని పడుకుంటే తెల్లారేసరికి పిల్లలు బిగుసుకుపోయి ఉంటాయి. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేకున్నా పిల్లలే చెప్తాయి: బల్బు కింద కుప్పపడితే చలి, అంచులకు పోయి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ, అంతటా సమంగా తిరిగితే సరిగ్గా ఉంది.

టీకాలు వరుస తప్పొద్దు. మారెక్స్ టీకా హేచరీలోనే మొదటి రోజు వేస్తారు, వేశారో లేదో అడిగి తెచ్చుకోండి. 5 నుంచి 7వ రోజు లోపు లసోటా (కొక్కెర తెగులు టీకా) కంట్లో చుక్క, 14వ రోజు గంబోరో రోగానికి టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, 8 నుంచి 10 వారాల మధ్య ఆర్‌2బి (ఇదీ కొక్కెర టీకానే) సూది అర మిల్లీలీటరు. కొక్కెరకు మందు లేదు, టీకా ఒక్కటే దారి. టీకా సీసాను ఐసు పెట్టిన డబ్బాలోనే తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, ఎండలో సంచిలో తెచ్చిన టీకా నీళ్లతో సమానం. చిన్న సీసా కొన్నా మీ కోళ్లకు పోను చాలా డోసులు మిగిలిపోతాయి. వాడకట్టులో కోళ్లున్న వాళ్లంతా ఒకే రోజు పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, పక్కింటి కోడి నుంచి మీ కోడికి రోగం రాకుండానూ ఉంటుంది.

ఏడెనిమిది వారాలకు గూట్లోకి మార్చాక మొదటి ఐదారు రోజులు దడి తలుపు తీయకుండా గూట్లోనే మేత, నీళ్లు పెట్టండి. గూడు అలవాటైతే పొద్దుగూకగానే వాటంతట అవే ఎక్కుతాయి, తరుముకుంటూ తిరిగే పని ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పిల్లలను తేవొద్దు.

ఏనుమాముల_దిక్కు:

మేత ఏం పెట్టాల్నో, ఏం పెట్టొద్దో ఎవరూ రాయలేదు. మన దగ్గర అగ్గువకు దొరుకుతదని పత్తిగింజల చెక్క కోళ్లకు పెట్టొద్దు. అందుల గాసిపాల్ అనే విషపదార్థం ఉంటది, సొన ఆకుపచ్చగ, ముదురు రంగుకు తిరుగుతది, గుడ్లు తగ్గుతయి. విత్తనాలకని మందు పట్టించిన గులాబీ రంగు మక్కలు మిగిలినయని వేయొద్దు, కడిగినా పనికిరావు. బూజు వాసన వచ్చే మక్కలు ఎండబోసినా విషం పోదు, కాలేయం చెడుతది. పక్కల పత్తి చేను ఉండి పురుగుమందు కొట్టిన్రంటె ఆ రోజుల్ల కోళ్లను దడి దాటనియ్యొద్దు. చచ్చిన పురుగు తిన్నా ప్రమాదమే.

దడిల మూసి పెంచే కోడికి బయటి పురుగు, గడ్డి దొరకయి కాబట్టి రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత కావాలె. మక్కలు, నూకలు, తౌడు ఒక్కటే వేస్తె మాంసకృత్తులు సరిపోవు, గుడ్ల కోళ్లకని అమ్మే లేయర్ మేత కనీసం సగమన్నా కలుపు. గుడ్డు పెంకు గట్టిపడేటందుకు ఆల్చిప్పల గుల్ల వేరే గిన్నెల పెట్టు, మేతల కలపొద్దు. ఎంత కావాల్నో పెట్టకే తెలుస్తది. మెత్తటి పెంకు గుడ్లు వచ్చుడు మొదలైనయంటె గుల్ల గిన్నె ఖాళీ అయిందని చూసుకో.

ములుగురోడ్డు_మేస్త్రి:

పర్కాలాయన చెప్పింది నిజమే, బద్దల కింది జాలి వద్దు, నేను రాసింది తప్పు. ఆ జాలి నా లెక్కల లేదు, కాబట్టి 40 అడుగుల రోలు మారది.

వాసన సంగతి: రెట్ట ఎండితె వాసన రాదు, తడిస్తెనే అమ్మోనియా లేస్తది, కండ్లు మండుతయి, కోళ్లకు ఊపిరి తెగులు పడతది. పిల్లలకు రక్తపు పారుడు వచ్చేది కూడ తడి ఊక నుంచే. గూటి కింద రెట్ట పడే జాగల నాలుగంగుళాల ఎత్తుకు ఎర్రమట్టి పోసి, మీద వరి ఊక మూడంగుళాలు పరువు. వారానికొకసారి పారతోటి తిరగెయ్యి, తడిసినకాడ తీసేసి కొత్తది పోయి. ఆ ఊకను నెలకోసారి తీసి కుప్పేసి రెండు నెలలు మాగనిస్తె కూరగాయల మడికి పనికొస్తది. పచ్చిది వేస్తె మొక్క మాడుతది.

పండే కర్రలు రెండు, 6 అడుగుల పొడవువి, చేతికి పట్టొచ్చే లావు, రెండంగుళాలకు దగ్గర. కోడికి 9 అంగుళాల చొప్పున పదకొండింటికి 8 అడుగుల పైన కావాలె, 12 ఉంటయి. రెండూ ఒకే ఎత్తుల, గూటి కంక బద్దల నుంచి అడుగున్నర మీద పెట్టు. ఒకటి పైన, ఒకటి కింద పెడ్తె అన్నీ పై కర్రకే కొట్లాడుతయి. గుడ్ల డబ్బాలు ఆ కర్రల కంటె కింద ఉండాలె, లేకుంటె డబ్బాల్లనే పండుకుని రెట్టతోటి నింపుతయి. నీ నూనె డబ్బాలు మూడు చాలు, పెట్టలు నాలుగింటికొకటి. అడ్డంగ పండుకోబెట్టి, ఒక దిక్కు మూత కోసి, కోసిన అంచును లోపలికి మడిచి సుత్తెతోటి కొట్టు. ముందు నాలుగంగుళాల చెక్క అడ్డం పెట్టు, ఊక, గుడ్లు జారి పడయి. గ్రామప్రియకు, నాటుకు ఆ డబ్బా సరిపోతది. వనరాజ తెచ్చుకుంటె అడుగు బై అడుగు పెట్టె చేయించుకో. నాలుగో డబ్బాల పొయ్యి బూడిద, పొడి మట్టి సగం సగం కలిపి పెట్టుకో. గూటి కింద వాన తగలని మూలకు 2 బై 2 అడుగుల జాగల దాన్ని పోస్తె కోళ్లు అందుల పొర్లుతయి, పేలు రాలుతయి. పిడుదులు మాత్రం కర్రల పగుళ్లల, చెక్క సందుల్ల దాక్కుంటయి, రాత్రి వచ్చి రక్తం తాగుతయి. రెండు నెలలకోసారి కర్రలు తీసి ఎండకు వేసి, సందులకు చిక్కటి సున్నం పట్టియ్యి.

జాలి కొనేటప్పుడు రోలు విప్పి చూసి తీసుకో. వెల్డ్ అతుకు దగ్గర గోరుతోటి గీరితె జింకు పూత ఊడొద్దు. అతికినంక పూత పూసిన జాలి అయితె అతుకు మీద కూడ జింకు మెరుస్తది. ముందే పూసిన తీగతోటి అల్లింది అయితె అతుకు దగ్గర నల్లగ ఉంటది, రెట్ట తాకే కాడ ముందు అక్కడనే తుప్పు మొదలయితది. కిలో మీద కొద్దిగ ఎక్కువైనా మొదటిదే తీసుకో.